పల్లీ బటర్ ఇంట్లో: ముద్ద దగ్గరే ఎందుకు ఆగిపోతుంది? (వేపుడు, మిక్సీ, గ్రైండర్, నిల్వ)

రోలురోకలి
పల్లీ బటర్ మీద ఒక్కో ప్రశ్న ఒక్కోచోట పడి ఉంది. అన్నీ ఇక్కడికి చేరుద్దాం. ముందు మామూలు కొలత రాస్తున్నాను, తేడా ఉంటే దిద్దండి.

తొక్కతో ఉన్న పచ్చి పల్లీ గుళ్ళు అర కిలో, మెత్తటి ఉప్పు ముప్పావు టీస్పూను (సుమారు 4 గ్రాములు). నూనె అక్కర్లేదు. నీళ్ళు ఒక్క చుక్క కూడా తగలకూడదు. మిక్సీ 750 వాట్లది. లీటరు జార్‌లో వాయికి 250 గ్రాములు. అంతకన్నా తక్కువ వేస్తే బ్లేడు పైన గాలిలో తిరుగుతుంది, ఎక్కువ వేస్తే అడుగున ముద్దై పైన పొడిగానే ఉంటుంది.

మందపాటి బాండీలో సన్న సెగ మీద 15 నుంచి 18 నిమిషాలు, చెయ్యి ఆపకుండా వేపాలి. దించి పళ్ళెంలో పరిచి, గోరువెచ్చన కాగానే గుడ్డలో వేసి నలిపి, చేటలో చెరిగితే పొట్టు పోతుంది. పూర్తిగా చల్లారకముందే మిక్సీలో వేయాలి.

జార్‌లో వరసగా జరిగేది ఇది: రవ్వ, ఆ తర్వాత తడి పొడి, ఆ తర్వాత గోడలకు అతుక్కునే ముద్ద, తర్వాత బ్లేడు చుట్టూ తిరిగే లేహ్యం, చివరికి గరిటె ఎత్తితే జారే పాకం. ఎక్కువమంది మూడో దశలో ఆగిపోతున్నారు. నోటికి పలుకుగా తగులుతోందని, వారం తిరగకుండానే నూనె తేలి అడుగు రాయిలా అవుతోందని మిగతా రెండు ఫిర్యాదులు. మూడింటికీ మూలం ఒకటేనని నా లెక్క: వేపుడు.

శెనక్కాయలసీమ
వేపుడు కంటే ముందు సరుకు సంగతి చెప్పాల అన్నా. అంగట్లో జావా, బోల్డు అని రెండు రకాలుగా అమ్ముతారు. జావా చిన్న గుండు గింజ, నూనె శాతం సాధారణంగా ఎక్కువ. బోల్డు పొడుగ్గా పెద్దగా ఉంటుంది, చూపుకు బాగుంటుంది. బటర్‌కి జావానే మేలు. మా పక్క ఎక్కువగా వేసే కదిరి-6 గింజ కూడా దీనికి బాగా సరిపోతుంది. బోల్డు వేపి తినడానికి, పట్టీలకు పెట్టుకోండి.

పాత పంట కాకుండా చూసుకోండి. ఏడాది గోదాంలో ఉన్న గింజలు ఎంత బాగా వేపినా వెనకాల ముక్కిన వాసన వస్తుంది. బటర్ చేస్తే ఆ వాసన ఇంకా పైకి లేస్తుంది. కొనేటప్పుడు నాలుగు గింజలు చీల్చి నమలండి. చివర్లో నాలుక మీద చేదో, పాత నూనె రుచో తగిలితే ఆ బస్తా వద్దు.

దొరికితే గిర్నార్-4, గిర్నార్-5 గింజలు తీసుకోండి. ఇక్రిశాట్, జునాగఢ్ వేరుశనగ పరిశోధన సంస్థ కలిసి తెచ్చిన రకాలు. మామూలు గింజ నూనెలో ఓలిక్ ఆమ్లం (నిదానంగా చెడే కొవ్వు) సగం అటూ ఇటూ ఉంటే వీటిలో 80 శాతం దరిదాపు. త్వరగా కంపు పట్టే లినోలిక్ ఆ మేరకు తగ్గుతుంది. అందుకే వీటితో చేసిన బటర్ ఎక్కువ కాలం నిలుస్తుంది. కిరాణా కొట్లలో మాత్రం ఇవి పేరుపెట్టి దొరకవు, విత్తనం వేసిన రైతు దగ్గరే అడగాల.

కొత్తబాండీ
ముద్దగా ఆగిపోయినప్పుడు రెండు చెంచాలు నీళ్ళు చల్లితే తిరుగుతుంది కదా? చట్నీకి అంతే చేస్తాం.

రోలురోకలి
చట్నీ అవుతుంది, బటర్ కాదు. నిల్వా పోతుంది.

ఆహారరసాయనం
కారణం కూడా చెబుతాను. పల్లీలో దాదాపు సగం నూనె, పావు వంతు ప్రోటీన్, మిగతాది పిండి పదార్థం, చక్కెర, పీచు. రుబ్బినప్పుడు కణాల గోడలు పగిలి నూనె బయటికి వస్తుంది, మిగతా గట్టి రేణువులు ఆ నూనెలో తేలుతుంటాయి. పల్లీ బటర్ అంటే అంతే. కాస్త నీరు పడగానే ప్రోటీన్, చక్కెర రేణువులు దాన్ని పీల్చుకుని ఒకదానికొకటి అతుక్కుంటాయి. నూనెలో జారవలసినవి గడ్డకడతాయి. అందుకే రెండు చెంచాల నీళ్ళతో పలచబడదు, ఇంకా బిగుస్తుంది. పలచబడాలంటే చాలా నీళ్ళు పోయాలి, అప్పుడది చట్నీయే. నీటి పాలు పెరిగింది కాబట్టి గది వేడిలో బూజు, బ్యాక్టీరియా పెరగడానికి దారి తెరిచినట్టే.

వేపుడుకీ ఇదే లెక్క. పచ్చి గింజలో తేమ 5 నుంచి 7 శాతం. బాగా వేగితే 1-2 శాతానికి దిగుతుంది. పైన రంగు మారి లోపల పచ్చిగా ఉంటే మిగిలిన తేమ మీరు చల్లిన నీళ్ళలాగే పనిచేస్తుంది. మూడో దశ దాటకపోవడానికి మొదటి కారణం అదే. రెండో కారణం చల్లారిన గింజ. వేడిలో నూనె పలచన, చలిలో చిక్కన.

మిక్సీడాక్టర్
మూడో కారణం మిక్సీ వాడే తీరు. ముద్ద దశలో స్పీడు పెంచితే బ్లేడు తన చుట్టూ గుంత చేసుకుని ఖాళీగా తిరుగుతుంది. శబ్దం పెరిగి లోడు తగ్గినట్టు వినిపిస్తే అదే. అక్కడ స్పీడు ఒకటికి దించండి. ఆపి, గోడలు గీకి, ముద్దను బ్లేడు మీదికి నెట్టి, ఇంచ్ మీట (పట్టుకున్నంతసేపే తిరిగేది) రెండేసి సెకన్లు ఎనిమిది పది సార్లు తిప్పండి. నూనె మెరుపు కనిపించాక రెండు, పాకం జారడం మొదలయ్యాక మూడు.

నిమిషం తిప్పి రెండు నిమిషాలు ఆపాలి. మొత్తం తిప్పే సమయం 6 నుంచి 8 నిమిషాలు, ఆపిన సమయంతో కలిపి పాతిక నిమిషాలు పెట్టుకోండి. 500 వాట్ల మిక్సీ అయితే వాయికి 150 గ్రాములే, చిన్న జార్‌లో. మోటారు ఆగిపోతే కాలిందని కంగారుపడొద్దు, అడుగున ఎర్ర బటన్ ఉంటుంది. ప్లగ్ తీసి, పది నిమిషాలు ఆగి, బటన్ నొక్కితే తిరుగుతుంది. వరసగా రెండుసార్లు ఆగిందంటే మాత్రం వాయి తగ్గించాలి.

అందరూ మరిచిపోయేది జార్ అడుగు. బ్లేడు కింది బుష్ (బ్లేడు ఇరుసును పట్టి ఉంచే గొట్టం) అరిగి ఉంటే పల్లీ నూనె దానిలోకి దిగుతుంది, అక్కడి నల్లటి గ్రీజు పైకి వస్తుంది. బటర్‌లో బూడిదరంగు చార కనిపిస్తే అది మాడు కాదు, బుష్. ఆ వాయి పారేయండి. ముందే తెలుసుకోవాలంటే జార్‌లో నీళ్ళు పోసి పాత కాగితం మీద పావుగంట పెట్టండి. తడి దిగితే బుష్, వాషర్ మార్పించాలి. బ్లేడును వేలితో పట్టి ఊపితే అటూ ఇటూ కదిలినా మార్చాల్సిందే.

శెనక్కాయలసీమ
మూత రబ్బరు సంగతి కూడా చెప్పండి డాక్టరు గారూ.

మిక్సీడాక్టర్
నిజమే. మూత రబ్బరు కింద పాత మసాలా వాసన దాక్కుని ఉంటుంది. వేడి పల్లీ నూనె దాన్ని మొత్తం లాగేసుకుంటుంది. రబ్బరు ఊడదీసి కడిగి, ఎండలో ఆరబెట్టి పెట్టుకోండి. అల్లం వెల్లుల్లి రుబ్బిన జార్ వద్దు.

గోదావరొడ్డు
వేపుడు అయిందని తెలిసేదెలా? రంగు చూసి చెప్పండి అంటే ఒక్కొక్కరిదీ ఒక్కో మాట.

రోలురోకలి
పైరంగు నమ్మకండి, తొక్క ఎరుపు మోసం చేస్తుంది. ఒక గింజను రెండు బద్దలు చేసి లోపలి మొహాలు చూడండి. తెల్లగా మైనంలా ఉంటే పచ్చి. అంచు గోధుమరంగు, నడుమ ఇంకా పాలిపోయి ఉంటే మరో మూడు నిమిషాలు. మొహమంతా లేత బిస్కెట్ రంగుకు తిరిగితే దించాలి. దించాక కూడా లోపలి వేడికి ఓ ఐదు నిమిషాలు వేగుతూనే ఉంటుంది కాబట్టి మీకు కావలసిన రంగుకు ఒక వాసి ముందే దించి, వెంటనే వెడల్పాటి పళ్ళెంలోకి మార్చాలి. బాండీలోనే వదిలేస్తే అడుగువి మాడతాయి. గుప్పెడు మాడు గింజలు చాలు, అర కిలో చేదెక్కడానికి. చక్కెర వేసినా ఆ చేదు కప్పదు.

వేయించేటప్పుడు చిటపట శబ్దం మొదట పెరిగి, తర్వాత పలచబడుతుంది. పలచబడటం మొదలైనప్పటినుంచీ ప్రతి నిమిషం ఒక గింజ చీల్చి చూడటమే పద్ధతి.

ఓవెన్ ఉంటే 160 డిగ్రీల దగ్గర ఒకే వరసగా పరిచి 18 నుంచి 20 నిమిషాలు, మధ్యలో రెండుసార్లు కలపాలి. సమానంగా వేగడంలో ఓవెన్‌కి బాండీ పోటీ రాదు. మైక్రోవేవ్‌లో 250 గ్రాములకు రెండేసి నిమిషాలు రెండు సార్లు, తర్వాత ఒక్కో నిమిషం చొప్పున, ప్రతిసారీ కలుపుతూ. ఇందులో గింజ లోపలే ముందు మాడుతుంది, బయటికి తెలియదు. చీల్చి చూడకుండా వదలొద్దు.

నల్గొండవంటలు
బట్టీల ఇసుకల వేయించిన పల్లీలు కొనుక్కొచ్చి నేరుగ పట్టొచ్చా? పని తగ్గుతది.

రోలురోకలి
ఉప్పు పల్లీలు అయితే వద్దు. వాటిని ఉప్పునీళ్ళలో నానబెట్టి వేయిస్తారు, తేమ ఎంత మిగిలిందో తెలియదు, ఉప్పు మీ చేతిలో ఉండదు. ఉప్పు లేని పొట్టు పల్లీలు ఆ రోజు వేయించినవైతే పరవాలేదు. జల్లెడ పట్టి ఇసుక రేణువులు పోయాయో లేదో చూసుకోండి. మళ్ళీ బాండీలో నాలుగు నిమిషాలు వేడి చేసి పట్టండి.

ఆహారరసాయనం
ఏరడం గురించి ఇంకా ఎవరూ రాయలేదు. అది తప్పనిసరి.

అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని ఆస్పర్‌జిల్లస్ అనే బూజు తయారుచేస్తుంది. కాయ ఊరే చివరి వారాల్లో వాన ముఖం చాటేసినా, కోసిన కాయ సరిగా ఎండకపోయినా, గోదాంలో తడి తగిలినా అది పడుతుంది. తినడానికి సిద్ధంగా ఉన్న గింజల్లో కిలోకు 10 మైక్రోగ్రాములు దాటకూడదని మన ఆహార భద్రతా ప్రమాణాల్లో ఉంది. రుచి లేదు, వాసన లేదు, ఇంట్లో పరీక్షించే దారి లేదు. వేపితే కొంత తగ్గుతుంది కానీ పోదు. కాబట్టి మన చేతిలో ఉన్న ఆయుధం ఏరివేతే.

రెండుసార్లు ఏరాలి. పచ్చిగా ఉన్నప్పుడు ముడతలు పడ్డవి, నల్లబడ్డవి, పుచ్చువి, మొలక వచ్చినవి, పచ్చటి లేదా బూడిదరంగు పొడి అంటినవి తీసేయాలి. పొట్టు తీశాక మళ్ళీ ఒకసారి, తెల్ల పళ్ళెంలో పోసి చూడాలి. తొక్క కింద దాగిన ముదురు గోధుమ, నలుపు మచ్చల గింజలు అప్పుడే బయటపడతాయి. తీసినవి కోళ్ళకో పశువులకో వేయకండి, వాటికీ విషమే.

తొక్కతోనే పడితే పీచు వస్తుందని చాలామంది అంటారు. వస్తుంది, కానీ ఈ రెండో ఏరివేతకు వీలుండదు. పైగా తొక్కకు వగరు ఉంటుంది. నేనైతే తొక్క తీసే చేస్తాను.

గోదావరొడ్డు
తొక్క తీయడం మీద నాది వేరే మాట. మంచి కొత్త సరుకు, బాగా ఏరినదైతే తొక్క ఉన్నా ఏం కాదు. ఆ కొద్ది వగరు బెల్లంతో తినేవాళ్ళకి బాగుంటుంది. పసిపిల్లలకి చేసేటప్పుడు మాత్రం తీసేయండి. గింజ కొసన ముక్కులా ఉండే చిన్న మొలక సంగతి అడిగేవాళ్ళున్నారు. చేదు కొంత దానిదే, కానీ చెరిగినప్పుడు సగం అదే రాలిపోతుంది. కూర్చుని గిల్లాల్సిన పనిలేదు.

రాతిచక్రం
పలుకు గురించి. మిక్సీతో ఎంత చేసినా నాలుకకు సన్న రవ్వ తెలుస్తూనే ఉంటుంది. రేణువు సుమారు 30 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కిందికి దిగితేనే పలుకు తెలియదు. అది రాయి పని. ఇడ్లీ పిండి రుబ్బే రెండు లీటర్ల టేబుల్‌టాప్ గ్రైండర్ చాలు. చాక్లెట్ చేసేవాళ్ళు వాడేది కూడా ఇదే కుటుంబం యంత్రం.

పద్ధతి: ముందు మిక్సీలో ముద్ద దశ దాటించి లేహ్యం చేసుకోవాలి. గింజలు నేరుగా గ్రైండర్‌లో వేస్తే రాళ్ళు ఎగిరి బెల్టు జారుతుంది. డ్రమ్మును, రాళ్ళను ఎండలోనో హెయిర్ డ్రయ్యర్‌తోనో గోరువెచ్చగా చేసి, యంత్రం తిరుగుతుండగా గరిటెడు గరిటెడుగా ఐదారు నిమిషాల్లో కిలో ముద్ద వేయాలి. ఒక్కసారి కుమ్మరిస్తే రాళ్ళు బిగుసుకుంటాయి. మొదటి పావుగంట రాళ్ళ మీది బిగింపు మర సగం వదులుగా ఉంచి, పలచబడ్డాక బిగించాలి. మూత పూర్తిగా పెట్టొద్దు, మిగిలిన తేమ కూడా పోవాలి.

గంటన్నర నుంచి రెండున్నర గంటలు. ఇంటి గ్రైండర్ మోటారు అంతసేపు ఏకధాటిగా తిరగడానికి చేసింది కాదు, అరగంటకోసారి పది నిమిషాలు ఆపండి. ఉప్పు, చక్కెర పొడి చివరి అరగంటలో.

అసలు జాగ్రత్త తడి. రాయి నీళ్ళు పీలుస్తుంది. నిన్న ఇడ్లీ పిండి రుబ్బిన గ్రైండర్‌లో ఇవాళ బటర్ పెడితే లోపలి తడికి గడ్డకట్టి తీరుతుంది. కడిగాక ఒక రోజంతా ఎండలో పెట్టాలి. కొత్త గ్రైండర్ అయితే నాలుగు దోసిళ్ళ బియ్యం పొడిగా కాదు, నీళ్ళతో రుబ్బి పారబోయాలి, నీళ్ళలో రాతి పొడి కనిపించనంతవరకూ. అప్పుడు ఆరబెట్టి వాడాలి.

కొత్తబాండీ
నూనె తేలడానికి? కొబ్బరి నూనె కలిపితే తేలదని వీడియోల్లో చెబుతున్నారు.

ఆహారరసాయనం
కొబ్బరి నూనె 24-25 డిగ్రీలకే కరిగిపోతుంది. మే నెలలో మన వంటింట్లో ఎంత ఉంటుందో మీకే తెలుసు. ఫ్రిజ్‌లో గట్టిపడి పట్టి ఉంచుతుంది నిజమే, కానీ ఫ్రిజ్‌లో పెడితే అది లేకపోయినా నూనె పెద్దగా తేలదు. కాబట్టి మన ఊళ్ళలో దాని వల్ల ఒరిగేది రుచి మాత్రమే.

దుకాణం డబ్బాలో తేలకపోవడానికి కారణం పూర్తిగా హైడ్రోజనేట్ చేసిన (హైడ్రోజన్ ఎక్కించి గట్టిపరిచిన) నూనె. బరువులో ఒకటి రెండు శాతం, వేడి బటర్‌లో కరిగించి చల్లారుస్తారు. అది సన్నని స్ఫటికాలుగా గడ్డకట్టి, ద్రవ నూనెను వలలో చేపలా పట్టి ఉంచుతుంది. 1920ల మొదట్లో జోసెఫ్ రోజ్‌ఫీల్డ్ అనే అమెరికన్ ఈ దారి పట్టించాడు. అంతకుముందు అక్కడి కొట్లలో కూడా నూనె తేలిన డబ్బాలే. ఇంట్లో డాల్డా వేసి అదే చేద్దామనుకుంటే నేను సలహా ఇవ్వను.

ఇంట్లో చేయగలిగింది రేణువు సైజు తగ్గించడం. రేణువు అడ్డుకొలత సగమైతే అది అడుగుకు దిగే వేగం నాలుగో వంతు అవుతుంది. రాతిచక్రం గారి రెండు గంటల పని పలుకుకే కాదు, ఇందుకూ పనికొస్తుంది. మిక్సీ బటర్ అయితే సీసా నింపాక మొదటి రోజు తలకిందులుగా పెట్టి, మర్నాడు అడుగునుంచి కలిపి ఫ్రిజ్‌లో పెట్టండి. తేలిన నూనె ఒంపేయకండి. ఒంపితే మిగిలింది ఎండిన పిండి ముద్దే.

డల్లాస్‌పోపు
ఇక్కడ అమెరికాలో చేసుకునేవాళ్ళ కోసం. ఇండియా నుంచి తెచ్చిన 230 వోల్టుల మిక్సీని చిన్న ట్రాన్స్‌ఫార్మర్ మీద నడుపుతుంటే బటర్ జోలికి పోకండి. 750 వాట్ల మిక్సీకి కనీసం 1500 వాట్ల ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి, ముద్ద దశలో లోడు అంత లాగుతుంది. ఫుడ్ ప్రాసెసర్ ఉంటే అదే హాయి: వెడల్పు గిన్నె, 450 గ్రాములు, 10-12 నిమిషాలు, మూడు నాలుగు సార్లు గీకుడు. నెమ్మది, కానీ మోటారు అంతగా వేడెక్కదు.

ఇక్కడ తొక్క తీసిన పచ్చి గింజలు, ఉప్పు లేకుండా పొడిగా వేయించినవి విడిగా దొరుకుతాయి. నూనెలో వేయించిన పార్టీ పల్లీలు వద్దు, ఆ నూనెతో బటర్ మరీ పలచనై ఇంకా తేలుతుంది. కొనే డబ్బా మీద ‘పీనట్ బటర్’ అని ఉంటే 90 శాతం పల్లీ ఉండి తీరాలని ఇక్కడి నియమం. ‘స్ప్రెడ్’ అని ఉంటే ఆ హామీ లేదు.

నల్గొండవంటలు
మా ఇంట్ల బెల్లం లేకుంట పిల్లలు ముట్టరు. బెల్లం తురిమి వేస్తే మొత్తం బిగుసుకపోతది. ఏం చేయాలె?

గోదావరొడ్డు
బెల్లంలో తేమ ఉంటుందండీ, మళ్ళీ ఆ నీళ్ళ కథే. తేనె కూడా అంతే. తేనె వేసి తిప్పితే గరిటె నిలబడుతుంది. అర కిలోకి 25 గ్రాముల పంచదార పొడి వేయడం నిల్వకి నిరపాయం. బెల్లమే కావాలంటే పొడి బెల్లం సన్నగా జల్లించి, ఓవెన్‌లో 60 డిగ్రీల దగ్గర గంటసేపు ఆరబెట్టి, చల్లారాక పొడి జార్‌లో ఒక తిప్పు తిప్పి, తయారైన బటర్‌లో చేత్తో కలపండి. కొద్దిగా పలుకు ఉంటుంది. మా వైపు పద్ధతి ఇంకా తేలిక: సీసాలో ఉప్పు బటర్ మాత్రమే ఉంచి, తినేముందు చెంచాకు చెంచా బెల్లం పొడి కలుపుకోవడం. అప్పుడు బిగిసినా ఇబ్బంది లేదు, దోశ మీద అలాగే బాగుంటుంది. ఏడాది నిండని పిల్లలకి తేనె పెట్టకూడదు, అది గుర్తుంచుకోండి.

ఉప్పు గురించి ఒక్క మాట. కల్లుప్పు దంచి వేసినా నూనెలో కరగదు, పంటికి తగులుతుంది. మెత్తటి ఉప్పును ఇంకోసారి పొడి చేసి వేయండి.

పలాసబద్ద
జీడిపప్పు, బాదం కూడా ఇక్కడే అడుగుతారు కాబట్టి రాసేస్తున్నాను. బటర్‌కి గుండు పప్పు కొనడం డబ్బు దండగ. బద్దలు, ముక్కలు చవక, రుచి అదే. జీడిపప్పు సన్న సెగ మీద 8 నిమిషాలు చాలు, రంగు మారకముందే దించాలి. ఇందులో పిండి పదార్థం ఎక్కువ, కాబట్టి పల్లీలా జారదు. 250 గ్రాములకు ఒక టేబుల్‌స్పూను వాసన లేని నూనె పోస్తే తప్పులేదు. బాదం తొక్కతోనే 15 నిమిషాలు వేపాలి. మిక్సీలో పల్లీకి పట్టే సమయానికి రెట్టింపు పడుతుంది, ముద్ద దశ చాలాసేపు కదలదు. అక్కడ నూనె పోయడానికి చేయి లాగుతుంది, ఆగండి. నానబెట్టి తొక్క తీసిన బాదం ఎండలో రెండు రోజులు పెట్టి మళ్ళీ వేపితే గాని దీనికి పనికిరాదు.

కొత్తబాండీ
కరకరలాడే ముక్కలు కావాలంటే? నిల్వ ఎన్నాళ్ళు?

రోలురోకలి
వేపిన గింజల్లో ఆరో వంతు ముందే తీసి, ఇంచ్ మీట మూడు సార్లు తిప్పి, జల్లెడలో పొడి రాల్చేసి, పలుకులు మాత్రం చివర చేత్తో కలపాలి. మిక్సీలోనే వేస్తే అవీ కరిగిపోతాయి.

నిల్వకి పొడి గాజు సీసా. బయట అయితే మూడు నాలుగు వారాలు, వేసవిలో రెండే. ఫ్రిజ్‌లో మూడు నెలలు. వేడిగా ఉండగా మూత బిగించొద్దు. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా మూత వెంటనే తీస్తే బయటి గాలిలోని తేమ లోపల చెమటలా పడుతుంది, కోస్తాలో అయితే మరీను. వారానికి సరిపడా చిన్న సీసాలో వేరుగా పెట్టుకుంటే పెద్దది అస్తమానం తెరవక్కర్లేదు. తడి చెంచా పెట్టకండి.

కిలో గుళ్ళు వేస్తే తేమ, పొట్టు, ఏరివేత పోను తొమ్మిది వందల గ్రాములు చేతికొస్తుంది. కాయలతో కొంటే కిలోకి 700 గ్రాముల గుళ్ళు లెక్క వేసుకోండి.

మిక్సీడాక్టర్
జార్ గోడలకు, బ్లేడు కింద ఇంకో 30-40 గ్రాములు అంటుకుని ఉంటుంది. గరిటెతో గోకి బ్లేడు అంచు పాడుచేయకండి. అందులోనే రెండు పచ్చిమిర్చి, చింతపండు, ఉప్పు, కప్పు నీళ్ళు వేసి తిప్పితే పల్లీ చట్నీ, జార్ కూడా శుభ్రం. తర్వాత వేడినీళ్ళు, సబ్బు చుక్క వేసి అర నిమిషం తిప్పి, బోర్లించి ఆరబెట్టండి.

నల్గొండవంటలు
ఎల్లిపాయ గూడ రెండు రెబ్బలు పడాలె దాంట్ల.

మిక్సీడాక్టర్
వేసుకోండి. ఆ జార్‌లో మళ్ళీ బటర్ పట్టేముందు మూత రబ్బరు మాత్రం ఊడదీసి కడగండి.